అలవాటు రవిక

మాణిక్యాంబగారు నైటీతో వీధిలోకి రావడం అదే మొదటిసారి. భుజాల మీద తువ్వాలు, కాళ్ళకు రబ్బరు చెప్పులు, కుడిచేతిలో కర్ర. పోనీ వెళ్తున్నది ఆసుపత్రికా అంటే అదీ కాదు. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు మీద కొత్తగా వెలసిన నూలుమేడకి. బట్టలకీ, వాటి సోకులకీ, వాటిని కనిపెట్టిన బుర్రలకీ ప్రత్యేకంగా కట్టిన చోటు అది. ఊళ్ళో ఆడపిల్లలు అక్కడికి వెళ్ళాలంటే ముందురోజే చీర ఇస్త్రీకి ఇస్తారు.

ఆటోలో ఆవిడ పక్కన కోడలు విశాల కూర్చుంది. ఆమె ఒళ్ళో ఉన్న సంచిలో గంజిపెట్టిన వెంకటగిరి చీర, ఒక లంగా, అరచేతిలో ఇమిడే బ్యాటరీ పెట్టె ఉన్నాయి. తెలిసినవాళ్ళు ఎవరైనా కనిపిస్తే ఇబ్బంది పడతారేమోనని విశాల నెమ్మదిగా అడిగింది.

"కనిపిస్తే చూస్తారు. కళ్ళు వాళ్ళవి, నైటీ నాది," అన్నారు మాణిక్యాంబగారు.

వేసవి మొదట్లో ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది. కాలు కొంత దారికొచ్చింది కానీ చెయ్యి మాత్రం ఒళ్ళో పెడితే ఒళ్ళోనే, మంచం మీద పెడితే మంచం మీదే ఉండిపోయేది. చూడటానికి వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు. ఎడమ చెయ్యేగా, కుడిది నిక్షేపంగా ఉంది, అదృష్టవంతురాలివి అని. డాక్టరూ అదే అన్నాడు. వ్యాయామం చేయించే మనిషి కూడా కాలి మీదే దృష్టి పెట్టాడు, ఆ చెయ్యి రాకపోయినా పనులు గడిచిపోతాయన్నాడు. మాణిక్యాంబగారు అన్నీ విన్నారు.

పనులు గడిచాయి కూడా. కుడిచేత్తో అన్నం తిన్నారు, సంతకం పెట్టారు, టీవీ చానళ్ళు మార్చారు. చీర మాత్రం కట్టుకోలేకపోయారు. ఫ్యాషన్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు చీరకట్టు నేర్పిన మనిషి ఆవిడ. చుట్టుపక్కల ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి కుచ్చిళ్ళు సర్దారో లెక్కే లేదు. అంచుకి క్లిప్పు పెట్టి, ఒక్క కుడిచేత్తో మడతలు ఎలా వెయ్యొచ్చో విశాల చూపించింది. ఆ చెయ్యి గుడ్డని కుప్ప చేసింది తప్ప సరైన మడత ఒక్కటి వెయ్యలేదు. పోనీ మేం కడతాం అంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"ఇంకోళ్ళు కట్టిన చీరలో నేను పోయాకే ఉంటాను. బతికుండగా కుదరదు," అన్నారు.

అప్పటినుంచీ నైటీ, నాలుగు గోడలు. తల్లిది ఒట్టి మొండితనమని కొడుకు కేశవ్ విసుక్కున్నాడు. డాక్టరు మాత్రం ఇంకోలా చెప్పాడు. కుడిచేతిలో బలం బాగానే ఉంది, బహుశా ఆ పని వరస మెదడులో చెరిగిపోయి ఉంటుందన్నాడు.

వరస అన్న మాట దగ్గర విశాల ఆగిపోయింది. ఎందుకంటే అత్తగారి చేతి వరస ఒకచోట భద్రంగా ఉంది. నూలుమేడలో, గాజుపెట్టెలో వేలాడుతోంది.

విశాల ఇదివరకు ఊరి చివర ఒక ప్రైవేటు పరిశోధనశాలలో పనిచేసేది. అక్కడ ఒక పోగు తయారుచేశారు. వెచ్చబడితే ముడుచుకుంటుంది, చల్లబడితే సాగుతుంది. అంతవరకూ విడ్డూరమేమీ లేదు. దాని గొప్పతనమల్లా అలవాటు పడటంలో ఉంది. ఒకే వంపు రోజూ వంగుతూ ఉంటే, కొత్త చెప్పుకి పాదం అచ్చు పడినట్టు, ఆ వంపు దానికి పట్టేస్తుంది. తర్వాత మోచేతి దగ్గర చిన్న బ్యాటరీ పెట్టి వెచ్చచేస్తే, నేర్చుకున్న వంపుల్ని అదే వరసలో తిరిగి చేసి చూపిస్తుంది. ఆ పోగుతో వేళ్ళ కణుపుల దాకా వచ్చే పొడుగు చేతుల రవిక నేశారు. నేర్పున్న మనిషి ఏడాది తొడుక్కుంటే, ఆ పనితనం రవికకి పట్టుబడుతుంది. దానికి నకళ్ళు నేసి, చీరకట్టు రాని ఆడపిల్లలకి అమ్మాలని ఆలోచన. ల్యాబులో అందరూ దాన్ని అలవాటు రవిక అనేవారు.

నేర్పున్న మనిషి కోసం విశాల ఊరంతా వెతకక్కర్లేకపోయింది. అత్తగారు ఏడాదిపాటు ఆ రవిక తొడుక్కున్నారు, తిట్టుకుంటూనే తొడుక్కున్నారు. మండుటెండల్లో ఈ పొడుగు చేతులేవిటే, నాటకంలో మహారాణి వేషమా అని దెప్పేవారు. ఒకసారి పోపు పెడుతుంటే పొయ్యి సెగకి పోగు ముడుచుకుని, మణికట్టు దానంతటదే తిరిగి, గరిటె కాస్తా కింద పడింది. నీ రవికకి వంట రాదు, ముందు అది నేర్పించుకో అన్నారు. అయినా ఒక్కరోజు మానలేదు. పొద్దున్నే గదిలో గడియ వేసుకుని, చీర కట్టుకుని బయటికొచ్చి, రీడింగు తీసుకోమని రెండు చేతులూ చాపేవారు.

ఏడాది తిరిగాక రీడింగులన్నీ కంప్యూటర్లో పెట్టి చూస్తే, కుచ్చిళ్ళ పనంతా ఎడమ చేతిలో కనబడింది. ల్యాబు పెద్దాయన చూసి నవ్వేశాడు. కుచ్చిళ్ళు ఎవరైనా ఎడమచేత్తో పెడతారా, వైర్లు తారుమారయ్యాయి, కుడిదిటూ ఎడమదటూ మార్చెయ్యండి అన్నాడు. మార్చేశారు. విశాలతో సహా ఆ గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. మాణిక్యాంబగారు కుడిచేత్తో రాస్తారు, కుడిచేత్తో తింటారు, ఇక అనుమానం ఎక్కణ్ణించి వస్తుంది?

మార్చిన లెక్క ప్రకారం కొత్త రవికలు నేశారు. వాటిని తొడుక్కుని కొందరమ్మాయిలు, పెట్టుబడి పెట్టడానికి వచ్చిన పెద్దమనుషుల ముందు నిలబడ్డారు. చెయ్యి లోపలికి తిరగాల్సిన చోట బయటికి తిరిగింది. పెట్టిన కుచ్చిళ్ళు పెట్టినట్టే ఊడి కాళ్ళ మీద పడ్డాయి. పెద్దమనుషులు నవ్వాపుకుంటూ కాఫీలు తాగి వెళ్ళిపోయారు. ల్యాబు ఎంతోకాలం నిలవలేదు. నకళ్ళన్నీ చెత్తలో కలిశాయి. మాణిక్యాంబగారు తొడుక్కున్న అసలు రవికను మాత్రం నూలుమేడవాళ్ళు అడిగి తీసుకెళ్ళారు.

ఆ రవిక కుడిచేతిని ఒక్కసారి అత్తగారి కుడిచేతికి తొడిగితే, చెరిగిపోయిన వరస మళ్ళీ గుర్తుకొస్తుందని విశాల నమ్మకం. అందుకే ఈ ప్రయాణం.

నూలుమేడ ఒకప్పుడు కలప గిడ్డంగి. ఇప్పుడు దుంగల చోట తలల్లేని బొమ్మలు నిలబడ్డాయి. నదివైపు గోడంతా అద్దమే. గోదావరి మీద పడ్డ ఎండ లోపలి కప్పు మీద కదులుతూ ఉంది. మాణిక్యాంబగారు కర్ర తాటించుకుంటూ ప్రతి బొమ్మ దగ్గరా ఆగారు. బుట్టచేతుల జాకెట్టు చూసి, ఇలాంటిదే తన పెళ్ళికి కుట్టించారన్నారు. బెల్‌బాటం ప్యాంటు చూసి, మీ మామగారు ఇది వేసుకుని వీధి బురదంతా ఇంట్లోకి ఊడ్చుకొచ్చేవారని కోడలికి చెప్పారు. ఒక పట్టుచీర బొమ్మ ముందు మాత్రం మొహం చిట్లించి, ఈ కుచ్చిళ్ళు పెట్టినవాళ్ళని పిలవమన్నారు.

అక్కడే నిలబడ్డ ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఆవిడ నైటీకేసి చూసి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. మాణిక్యాంబగారు వాళ్ళకేసి తిరిగారు.

"ఇదీ ఫ్యాషనేనమ్మా. ఆంధ్రదేశంలో సగం మంది దీంతోనే పాలప్యాకెట్టుకి వెళ్తారు. మీ సారుని దీన్ని కూడా ఓ బొమ్మకి తొడగమనండి."

కుచ్చిళ్ళు పెట్టినవాడే వచ్చాడు. పేరు ఫణీంద్ర. నూలుమేడ బాధ్యతంతా అతనిదే. ఒకప్పుడు మాణిక్యాంబగారి దగ్గర చదువుకున్నవాడు. మడత నలగని చీరల్లో తప్ప ఎప్పుడూ చూడని మేడమ్‌ని నైటీలో చూసి అతను వంగి కాళ్ళకి దణ్ణం పెట్టి, లేచేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు.

విశాల వచ్చిన పని చెప్పగానే ఆ తడి కాస్తా ఆరిపోయింది. మర్నాడే కొత్త హాలు తెరుస్తున్నారు. దాని పేరు 'ఓడిన ఆలోచనలు'. హాలు నడిమధ్యన పెట్టింది ఆ రవికనే. ఒకసారి ఇక్కడికి చేరిన బట్టని ఎవరి ఒంటి మీదా వెయ్యకూడదన్నది నియమం, తను పెట్టింది కాదు, తను మార్చగలిగేదీ కాదు అన్నాడు. విశాల ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పేసింది. మామూలు చేతికైతే పోగు కొద్దిగా వెచ్చబడితే చాలు, ఎన్నిసార్లయినా నేర్పుతుంది. పని మర్చిపోయిన చేతిని లాగాలంటే మాత్రం నిండా వేడెక్కాలి. అలా వేడెక్కిన పోగు ఒక్కసారి పనిచేసి, పాత లంగా ఎలాస్టిక్‌లా సాగిపోతుంది. ఆ తర్వాత అది ఉత్త గుడ్డ.

"అంటే నా హాలు తెరవకముందే ఖాళీ చేసి వెళ్తానంటున్నారు," అన్నాడు ఫణీంద్ర.

"అవునండి. ఈవిడ పనితనం మిగిలింది రెండే చోట్ల. ఒకటి మీ గాజుపెట్టె, రెండోది ఈ మనిషి. ఎవరో ఒకరికి దక్కుతుంది. అర్జీలు పెట్టుకోండి, పైవాళ్ళని అడుగుతాం అంటారేమో, మీరు అడిగే లోపు ఈ చెయ్యి పూర్తిగా మర్చిపోతుంది. మీరు పెట్టె తెరిచేదాకా మేం ఇక్కణ్ణించి కదలం."

ఫణీంద్ర చాలా కారణాలు చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఉద్యోగం పోవచ్చన్నాడు, మళ్ళీ అలాంటి రవిక నేసేవాళ్ళు ఎవరూ లేరన్నాడు. విశాల అన్నిటికీ తలూపింది, కానీ కుర్చీలోంచి లేవలేదు. మాణిక్యాంబగారు అద్దం పక్కనున్న బెంచీ మీద కూర్చుని నదిలోకి చూస్తూ ఉన్నారు. కాసేపయ్యాక అతన్ని దగ్గరికి పిలిచారు.

"ఆ పట్టుచీర బొమ్మకి మూడో కుచ్చె లావైందిరా. సరిచేద్దామని చెయ్యి ఎత్తబోయాను. లేవలేదు. బట్టని ఒంటికోసం నేస్తారు ఫణీ. నేను బతికుండగానే నన్ను పెట్టెలో పెట్టావు. తియ్యి."

ఫణీంద్ర వెళ్ళి తాళాలు తెచ్చాడు.

గాజుపెట్టెల బట్టలు బాగుచేసే వెనక గదిలోకి ముగ్గురూ వెళ్ళారు. అక్కడ కిటికీ కింద గోదావరి మెట్లకి తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది. విశాల నైటీ మీదే లంగా బిగించి, రవిక తొడిగింది. మాణిక్యాంబగారు బల్లకి ఆనుకుని నిలబడ్డారు. విశాల వెంకటగిరి చీర కొస కుడిచేతికిచ్చి, బ్యాటరీ కుడి మోచేతి దగ్గర తగిలించి, మీట నిండా తిప్పింది.

పోగు వెచ్చబడింది. కుడిచెయ్యి లేచింది. కొసని నడుము దగ్గరికి తీసుకెళ్ళి, కుడి పక్కన దోపి, అక్కడే అదిమి పట్టుకుంది. చెయ్యి ఇక కదలలేదు. వాకిట్లో కాపలా మనిషిలా అక్కడే ఉండిపోయింది. కాసేపటికి వేడి తగ్గి, రవిక కుడిచెయ్యి వదులై వేలాడింది. కుచ్చిళ్ళు లేవు, ఏమీ లేవు.

"అంతేనా?" అన్నాడు ఫణీంద్ర.

విశాల, ఎవరో ప్రాణంలా చూసుకుంటున్న వస్తువులో సగం ఊరికే తగలేసింది. లెక్కల్లో కుడిచెయ్యే ఉందని, కళ్ళారా చూశానని గొణిగింది. మాణిక్యాంబగారు కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"రెండో చేతికి పెట్టు," అన్నారు.

"అది పడిపోయిన చెయ్యి అత్తయ్యా. ఉన్న పోగు కూడా దండగైపోతుంది."

"పెట్టవే. నా కుచ్చిళ్ళు అందులో ఉన్నాయి."

అప్పుడు చెప్పారు. చిన్నప్పుడు పెరుగన్నం ఎడమచేత్తో కలిపినందుకు నాయనమ్మ ఆ చేతిని లంగా బొందుకి కట్టేసింది. బడిలో అదే చేత్తో బలపం పట్టుకున్నందుకు వేళ్ళ మీద బెత్తం పడింది. తిండి, రాత, బొట్టు, దణ్ణం, ఒక్కొక్కటీ కుడిచేతికి మారాయి. మారనిది ఒకటే. చీర కట్టుకునేటప్పుడు గదికి గడియ ఉంటుంది.

"లోపల ఎవరు చూడొచ్చారు? ఆ కాసేపూ నేను నా చేత్తో ఉండేదాన్ని," అన్నారు.

విశాలకి తను కొత్త కోడలిగా వచ్చిన రోజులు గుర్తొచ్చాయి. తొందరలో ఎడమచేత్తో కాఫీ అందిస్తే, వెనక్కి తీసుకుని కుడిచేత్తో ఇమ్మన్నారు అత్తగారు. తప్పనిసరై ఇవ్వాల్సొస్తే 'ఎడంచెయ్యి, ఏమనుకోకండి' అని ఒక మాట అనాలని నేర్పారు. ఇంట్లో ఆ పట్టింపు అందరికంటే ఆవిడకే ఎక్కువ. అది పట్టింపు కాదనీ, భయమనీ ఇప్పుడు తెలిసింది.

ఫణీంద్ర మాత్రం అయోమయంగా చూస్తున్నాడు. క్లాసులో మేడమ్ ఎడమచేత్తోనే చూపించేవారు కదా అన్నాడు. పిల్లల ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో మడతలు వేస్తే, అద్దంలో చూసినట్టు వాళ్ళ కుడిచేతికి సులువుగా వచ్చేసేది. అది ఆవిడ కనిపెట్టిన బోధనా పద్ధతి అనుకున్నారు అందరూ.

"అద్దంలా చూపిస్తున్నారని మొదటిరోజు అన్నది నువ్వే. నేను కాదన్లేదు. ఆ తర్వాత ఎవరడిగినా అదే చెప్పాను," అన్నారు మాణిక్యాంబగారు.

వైర్లు తారుమారు కాలేదు. రీడింగులు సరిగ్గానే ఉన్నాయి. ఇంట్లో ఉన్న మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే ల్యాబు నిలిచేది. అంతకంటే ఘోరం, వేసవి నుంచీ ఆ చేతిని ఎవరూ పట్టించుకోలేదు. ఎడమదేగా అని వదిలేశారు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని విశాల దాదాపు కసిరింది.

"వచ్చినవాళ్ళంతా అదృష్టవంతురాలివి, ఎడమదేగా అన్నారు. అదే నా అసలు చెయ్యి అని ఏ మొహంతో చెప్పనే?"

విశాలకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఇంటికెళ్ళాక చూసుకుందామనుకుని, బ్యాటరీ తీసి ఎడమ మోచేతికి తగిలించింది. ఇది కూడా పోతుంది మేడమ్ అన్నాడు ఫణీంద్ర. అన్నాడే గానీ, తనే చీర అంచు ఎత్తి ఆవిడ ఎడమచేతి వేళ్ళ మధ్య పెట్టాడు. విశాల మీట తిప్పింది.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత చిటికెన వేలు వంగింది. పోగు భుజం దాకా బిగుసుకుని, వేసవి నుంచీ ఒళ్ళో పడున్న చెయ్యి లేచి నడుము ముందుకి వచ్చింది. నొప్పికి మాణిక్యాంబగారు పళ్ళు బిగించారు. ఆపమంటారా అని విశాల అడిగితే తల అడ్డంగా ఊపారు. బొటనవేలు లోపలికి తిరిగింది, గంజి గుడ్డ గరగరమంది, ఒక మడత పడింది. దాని పక్కన ఇంకోటి, అంతే వెడల్పుతో. ఎదురుగా నిలబడ్డ ఫణీంద్ర కుడిచెయ్యి, తెలియకుండానే గాలిలో అదే పని చెయ్యడం మొదలుపెట్టింది. మూడోది ఏమాత్రం లావు కాలేదు.

మడతలు పిడికిలి నిండే వేళకి పోగు చల్లబడింది. రవిక ఎడమచెయ్యి కూడా వదులై జారింది. ఆఖరి కుచ్చె వేళ్ళలోంచి జారబోయింది. బొటనవేలు కదిలి దాన్ని పట్టుకుంది. విశాల బ్యాటరీకేసి చూసింది. దీపం ఆరిపోయి ఉంది. ఆ బొటనవేలుని లాగింది పోగు కాదు.

మాణిక్యాంబగారు కూడా చూశారు. కుడిచేతిని సాయం తెచ్చి కుచ్చిళ్ళు దోపుకున్నారు. పైట వెయ్యడం కుడిచేతికి ఎప్పుడూ తెలిసిన పనే, వేసింది. అప్పుడు కూర్చుని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. విశాల కూడా పక్కన చేరి ఆ పని కానిచ్చింది. రేపటినుంచీ ఈ చేతికి రెండు పూటలా వ్యాయామమనీ, ఎవరు వద్దన్నా ఊరుకోననీ ఏడుస్తూనే చెప్పింది.

ఫణీంద్ర అటు తిరిగి నిలబడితే, పైట చాటున విశాల హుక్కులు తీసి, రవిక విప్పి మడిచింది. ఇప్పుడది రెండు చేతులూ సాగిపోయిన గుడ్డ. అయినా రేపు హాల్లో దాన్నే పెడతానన్నాడు ఫణీంద్ర. పైవాళ్ళు అడిగితే తనే జవాబు చెప్పుకుంటానన్నాడు. కింద ఉన్న పలక మీది మాటలు మాత్రం మార్చాలి, ఏం రాయమంటారని మేడమ్‌ని అడిగాడు.

"ఓడింది రవిక కాదని రాయి," అన్నారావిడ.

రవికను అతనికి ఇవ్వబోయింది విశాల. మాణిక్యాంబగారు ఆపి, దాన్ని తీసుకుని, తన ఎడమ అరచేతిలో పెట్టుకున్నారు. వేళ్ళు నెమ్మదిగా ముడుచుకున్నాయి. చెయ్యి బల్ల మీదుగా ముందుకి సాగింది. వణుకుతూ, మధ్యలో ఒకసారి ఆగుతూ సాగింది. ఫణీంద్ర రెండు చేతులూ చాపి, తొందరపడకుండా ఎదురుచూశాడు.

ఎడమచేత్తో ఏదైనా ఇచ్చేటప్పుడు అనాల్సిన మాట ఒకటుంది. విశాల ఆ మాట కోసం చూసింది. మాణిక్యాంబగారు అనలేదు.